విషజ్వరం నాడు మన గంజాం: మందులూ, మరణాల లెక్కలూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయి, పచ్చడి ప్రసాదం పుచ్చుకుని, యింకా నోటిలో వేపపువ్వు చేదు పోకముందే రోగాలను గురించి, చావులను గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. కాని మన ఉగాదికీ యీ విషయానికీ ఒక సంబంధం వున్నది. శార్వరి నామ సంవత్సరం మొదటిరోజు, అంటే 2020వ సంవత్సరం మార్చి 25వ తేదీ, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడాను. ఆనాడు యే సంఘమూ సభ జరుపలేదు. గుడిలో పంచాంగం చదివేవారు లేరు, వినేవారు లేరు. పచ్చడి యెవరి యింట్లో వారు చేసుకుని, తలుపులు వేసుకుని తిన్నాం.

ఆ యేడు బరంపురంలోనూ, గంజాం జిల్లాలోనూ జరిగినదాన్ని ఆధారం చేసుకుని రెండు ప్రశ్నలను మీ ముందు వుంచుతాను. కొత్త జ్వరం ఒకటి వచ్చినప్పుడు అది నూటికి యెందరిని చంపుతుందో యెవరికైనా యెలా తెలుస్తుంది? అలాగే, ఫలానా మందు పనిచేస్తుందని యెవరైనా చెప్పినప్పుడు ఆ మాటను యెంతవరకు నమ్మవచ్చు? యివి పండితుల ప్రశ్నలు మాత్రమే అని అనుకోకండి. వీటికి జవాబులు తెలియక ఆ రెండు సంవత్సరాలలో మనవాళ్ళు పోగొట్టుకున్న డబ్బు కొంత, ప్రాణాలు కొన్ని, న్యాయంగా రావలసిన పరిహారం కొంత వున్నది.

గంజాం సంగతి మీకు కొత్త కాదు. యీ జిల్లా వారికి వలస వెళ్ళడం తరతరాల అలవాటు. ఒకప్పుడు గోపాలపూరు రేవులో ఓడ యెక్కి రంగూను పోయేవారు. తరవాతి కాలంలో రైలెక్కి సూరత్తు పోసాగారు. అక్కడి పవర్ లూముల దగ్గర నిలబడి పనిచేసేవారిలో గంజాం వారు లక్షల సంఖ్యలో వున్నారు. వారిలో ఒడియా వారున్నారు, తెలుగువారున్నారు, యింట ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడేవారున్నారు. మగ్గాలు ఆగిపోగానే కూలి ఆగిపోయింది. చిన్న గదిలో పదిమంది వంతులు వేసుకుని పడుకునే చోట దూరం పాటించమంటే యెక్కడ పాటిస్తారు? 2020 మే 3వ తేదీన సూరత్తు నుంచి మొదటి శ్రామిక రైలు బరంపురం పొలిమేరలోని జగన్నాథపూర్ స్టేషనుకు వచ్చింది. ఆ వెనుక రైళ్ళు, బస్సులు వరసగా వచ్చాయి.

మే మొదటివారం దాకా రోగం సోకినట్లు ఒక్క కేసైనా నమోదు కాని జిల్లా, జూలై నాటికి ఒడిశా రాష్ట్రమంతటికీ పెద్ద కేంద్రమైంది. ఆ నెలలో రాష్ట్రం మొత్తం మీద నమోదైన మరణాలలో సుమారు సగం గంజాం జిల్లావే. ప్రభుత్వం గ్రామ సర్పంచులకు కలెక్టరు అధికారాలను యిచ్చింది. వచ్చినవారిని బడులలో, పంచాయితీ భవనాలలో వారాల తరబడి విడిగా వుంచి, గడువు పూర్తిచేసినవారికి రెండేసి వేల రూపాయలు యిచ్చారు. మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి, అంటే మన పెద్దాసుపత్రి, రోజుల తరబడి నిద్రపోలేదు. డేరా వారు రెండేళ్ళకొకసారి నడిపే బుఢీ ఠాకురాణి జాతర 2021లో జరుగలేదు. యీ వూరిలో పుట్టి పెరిగినవారికి ఆ ఒక్క మాట చాలు, పరిస్థితి యెలా వుండినదో తెలియడానికి.

యిప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను.

2020 మార్చి మొదటి వారంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి, అప్పటికి తెలిసిన రోగులలో నూటికి 3.4 మంది చనిపోయారని చెప్పారు. పత్రికలు దాన్ని ‘యీ రోగం వస్తే నూటికి 3.4 మంది పోతారు’ అని ప్రచురించాయి. రెండు మాటలూ ఒకటే లాగా కనిపిస్తాయి. కాని ఒకటి కాదు. మొదటిది లెక్క, రెండవది జోస్యం.

యిందులో చిక్కు రెండు వైపుల నుంచీ వున్నది. ఒక వైపు చూస్తే, రోగం వచ్చినవారిలో పరీక్షకు వచ్చేది బాగా జబ్బు చేసినవారే. దగ్గు వచ్చి, మిరియాల కషాయం తాగి, మూడు రోజుల్లో లేచి తిరిగినవాడు యే పట్టికలోకీ యెక్కడు. అందుచేత హారం చిన్నదై, చావుల నిష్పత్తి పెద్దదిగా కనిపిస్తుంది. రెండవ వైపు చూస్తే, రోగం వచ్చిన రోజునే మనిషి చనిపోడు. రెండు మూడు వారాలు పడుతుంది. రోగం పెరిగే రోజుల్లో, యివాళ పట్టికలో వున్న వెయ్యిమందిలో చాలామంది సంగతి యింకా తేలలేదు. వారందరినీ ‘బతికినవారు’ అనే గడిలో వేసి భాగహారం చేస్తే చావుల నిష్పత్తి చిన్నదిగా కనిపిస్తుంది. 2003లో సార్స్ జ్వరం వచ్చినప్పుడు సరిగ్గా యిదే జరిగింది. మొదట నూటికి నలుగురు అన్నారు. మే నెల నాటికి అదే ఆరోగ్య సంస్థ లెక్క మార్చి నూటికి 14, 15 అన్నది. కడపటికి తేలినది 8,096 మంది రోగులు, 774 మరణాలు, అంటే నూటికి పదికి కొంచెం తక్కువ. జ్వరం మారలేదు. లెక్కవేసే రోజు మారింది, అంతే.

యీ రెండు తప్పులూ ఒకదానికొకటి యెదురు దిక్కులవి. అందుచేత ఒకటి మరొకదాన్ని కొట్టివేస్తుందని సంతోషించడానికి వీలులేదు. యే రోజున యేది యెక్కువో ఆ రోజున తెలియదు. తెలియాలంటే పరీక్షకు రానివారిని కూడా లెక్కపెట్టాలి. అదెలాగంటే, వూరిలో అక్కడక్కడ యిళ్ళను యెంపిక చేసి, జబ్బు చేసినా చేయకపోయినా మనుషుల రక్తం తీసి, అందులో రోగాన్ని యెదిరించిన గుర్తులు వున్నాయా అని చూడాలి. భువనేశ్వరంలోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వారు 2020 ఆగస్టులో బరంపురంలో ఆ పని చేశారు. నూటికి 31 మంది రక్తంలో ఆ గుర్తులు దొరికాయి.

ఆ అంకె విలువ యేమిటో కొంచెం ఆలోచించండి. 2011 జనాభా లెక్కల ప్రకారం బరంపురం జనసంఖ్య మూడు లక్షల యాభై ఆరు వేల పైచిలుకు. అందులో నూటికి 31 అంటే లక్ష దాటుతుంది. అప్పటికి జిల్లా మొత్తం మీద, ఒక్క వూరు కాదు, పరీక్షలలో తేలిన రోగుల సంఖ్య వేలలోనే వున్నది. అంటే పట్టికలో కనిపించిన ప్రతి రోగి వెనుకా కనపడని రోగులు అనేకులు. మాటవరసకు, వూరిలో నూరుగురు చనిపోయారనుకోండి. పట్టికలోని అయిదు వేలతో భాగిస్తే నూటికి ఇద్దరు. రక్తపరీక్ష చెప్పిన లక్షతో భాగిస్తే వెయ్యికి ఒకరు. యీ నూరుగురు, అయిదు వేలు నేను వుదాహరణ కోసం పెట్టుకున్న సంఖ్యలు. అసలు అంకెలు కావు. కాని ఒకే వూరిలో, ఒకే వారంలో ఒక పెద్దమనిషి ‘యిది మామూలు పడిశం’ అనీ, మరొక పెద్దమనిషి ‘యిది ప్రళయం’ అనీ ఇద్దరూ అంకెలతోనే యెలా వాదించగలిగారో దీనివల్ల తెలుస్తుంది.

అయితే వెయ్యికి ఒకరు అన్నంత మాత్రాన ధైర్యపడడానికి లేదు. లక్షలమందికి ఒకేసారి వస్తే, వెయ్యికి ఒకరైనా ఆసుపత్రి మంచాలు చాలవు. పైగా యీ జ్వరం అందరినీ ఒకేలా చూడలేదు. యిరవై యేళ్ళ కుర్రవాణ్ణి వదిలి డెబ్బై యేళ్ళ తాతను పట్టుకున్నది. సగటు అనేది యే ఒక్క మనిషికీ వర్తించని సంఖ్య.

యీ చిక్కు మనకు మొదటిసారి వచ్చినది కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు గంజాం యింకా చెన్నపట్నం రాజధానిలో భాగం. ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న యేర్పడే దాకా యీ జిల్లా దస్తాలు మద్రాసుకే పోయేవి. ఆ రోజుల్లో చావుపుట్టుకల పుస్తకం గ్రామాధికారి చేతిలో వుండేది. ఆ పుస్తకంలో కారణాలకు గడులు కొద్ది. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, వూపిరితిత్తుల జబ్బులు, గాయాలు, యితరములు, అంతే. ఇన్‌ఫ్లుయెంజాకు వేరే గడి లేదు. అక్టోబరు, నవంబరు నెలలలో మనుషులు గుంపులు గుంపులుగా పోతుంటే, వ్రాసేవాడు కూడా మంచంపట్టి వుంటే, పుస్తకంలో ‘జ్వరాలు’ అన్న గడి నిండింది. కొన్నిచోట్ల అదీ నిండలేదు.

భారతదేశానికి శానిటరీ కమిషనరుగా వున్న నార్మన్ వైట్ అనే దొర 1919లో ఒక ప్రాథమిక నివేదిక వ్రాశాడు. అప్పటి అంచనాలు బ్రిటిషు ఇండియాలో అరవై లక్షల మరణాల దాకా వచ్చాయి. 1921 జనాభా లెక్కలు తేలిన తరవాత చూస్తే, పదేళ్ళలో దేశ జనాభా పెరగకపోగా కొంచెం తగ్గింది. అటువంటిది ఆ తరవాత మళ్ళీ జరుగలేదు. ఆ లోటును పట్టుకుని తరవాతి పండితులు వెనక్కు లెక్కలు కట్టారు. 1986లో మిల్స్ అనే ఆయన కోటీ డెబ్బై, కోటీ యెనభై లక్షలు అన్నాడు. 2012లో చంద్ర మొదలైనవారు కోటీ ముప్పై తొమ్మిది లక్షల దగ్గర ఆగారు. అరవై లక్షలకూ కోటీ యెనభై లక్షలకూ మధ్య ఒక దేశం పట్టేంత ఖాళీ వున్నది. నూరేళ్ళు గడిచినా ఆ ఖాళీ పూర్తిగా పూడలేదు. చచ్చినవారిని ఆనాడు లెక్కపెట్టకపోతే తరవాత యెంత గణితం వచ్చినవాడికైనా అంచనాలే మిగులుతాయి.

యిక మందుల సంగతి.

మన్యం పక్కన కాపురం వున్నవాళ్ళం మనం. చలిజ్వరానికి క్లోరోక్విన్ బిళ్ళ యెరుగని యిల్లు యీ జిల్లాలో వుండదు. అందుచేత 2020 మార్చిలో ‘హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందట’ అన్న మాట వినపడగానే మన వూళ్ళో అది చుట్టపు పేరులాగా వినిపించింది. ఆ మాట పుట్టినది ఫ్రాన్సు దేశంలోని మార్సేలో. అక్కడి వైద్యులు 36 మందిని చూచి ఒక వ్యాసం ప్రకటించారు. నిజానికి మందు యిచ్చినది 26 మందికి. వారిలో ఆరుగురిని లెక్కలోంచి తీసివేశారు. యెందుకు తీశారో వినండి. ముగ్గురిని జబ్బు ముదిరి అత్యవసర విభాగానికి మార్చారు. ఒకరు చనిపోయారు. ఒకరు వికారంతో మందు మానివేశారు. ఒకరు ఆసుపత్రి విడిచి వెళ్ళిపోయారు. పరీక్ష తప్పినవారి కాగితాలు పక్కన పెట్టి, మిగిలినవారిని చూపించి ‘మా బడిలో అందరూ పాసు’ అన్నట్లున్నది. ఆ వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2024 డిసెంబరులో దాన్ని వుపసంహరించింది. యీలోగా ఆ బిళ్ళ కోసం ప్రపంచమంతా యెగబడింది. కీళ్ళవాతానికి రోజూ అదే వేసుకునేవారికి దుకాణాల్లో దొరకకుండా పోయింది.

సరియైన పద్ధతి యేమిటో అదే జూన్ నెలలో ఇంగ్లండులో చూపించారు. ఆక్స్‌ఫర్డు వారు ‘రికవరీ’ అనే పేరుతో నడిపిన పరిశోధనలో రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. యెవరికి మందు, యెవరికి మామూలు చికిత్స అన్నది వైద్యుడి యిష్టం మీద గాని, రోగి పలుకుబడి మీద గాని ఆధారపడలేదు. 28 రోజుల తరవాత చావులు లెక్కపెట్టారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ యిచ్చినవారిలో నూటికి 27 మంది, యివ్వనివారిలో నూటికి 25 మంది చనిపోయారు. మందు ఆదుకోలేదు. మరి అదే పరిశోధనలో డెక్సామెథసోన్ అనే పాత మందు, 1950లలో పుట్టి, కొద్ది రూపాయలకు దొరికే మందు, ఆదుకున్నది. కృత్రిమ శ్వాస యంత్రం మీద వున్నవారిలో చావులు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజను మాత్రం యిస్తున్నవారిలో 26 నుంచి 23కి తగ్గాయి.

యిక్కడే అసలు సంగతి వున్నది, దయచేసి శ్రద్ధగా వినండి. ఆక్సిజను అక్కర లేనివారికి అదే మందు యిస్తే, చావులు తగ్గలేదు. నూటికి 14 వుండవలసిన చోట 18 కనిపించాయి. ఆ పెరుగుదల గట్టిగా తేలినది కాదు గాని, మేలు లేదన్నది మాత్రం స్పష్టం. యెందుకంటే యీ జ్వరంలో రెండు దశలు. మొదటి వారంలో వైరసు పెరుగుతుంది, శరీరం దాన్ని యెదిరిస్తుంది. రెండవ వారంలో కొందరి శరీరం యెదిరింపు ఆపడం మరచిపోయి, తన వూపిరితిత్తులనే కాల్చుకుంటుంది. డెక్సామెథసోన్ ఆ మంటను ఆర్పే మందు. మంట లేనినాడు వేస్తే, వైరసుతో పోరాడే సిపాయిలనే నిద్రపుచ్చుతుంది. 2021 వేసవిలో జ్వరం తగిలిన మొదటిరోజునే ‘ముందు జాగ్రత్తగా’ యీ బిళ్ళలు కొనుక్కుని మింగినవారు మన వీధుల్లో యెందరో. మందు మంచిదే. రోజు మంచిది కాదు.

దీనికి తలకిందులు రెమ్‌డెసివిర్ కథ. హైదరాబాదులోని హెటిరో కంపెనీ వారు 2020 జూన్‌లో దీన్ని తయారుచేసి సీసా 5,400 రూపాయలకు అమ్మారు. 2021 ఏప్రిల్, మే నెలలలో అది నల్లబజారులో యెంతకు పోయిందో చెప్పనక్కరలేదు. భార్య పుస్తెలు తాకట్టు పెట్టి ఆరు సీసాలు కొన్న యిళ్ళు వున్నాయి. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముప్పై దేశాలలో, మన దేశంతో సహా, నడిపిన పరిశోధన ఫలితం 2020 అక్టోబరులోనే వచ్చింది. ఆసుపత్రిలో చేరినవారిలో రెమ్‌డెసివిర్ యిచ్చిన 2,743 మందిలో 301 మంది పోయారు. యివ్వని 2,708 మందిలో 303 మంది పోయారు. తేడా యేమున్నది? ఆ నవంబరులోనే ఆ సంస్థ, ఆసుపత్రి రోగులకు దీన్ని సిఫారసు చేయలేమని ప్రకటించింది కూడాను. ఆ మాట మన వీధి దాకా రాలేదు. వచ్చినా, ఆక్సిజను పడిపోతున్న తండ్రి పక్కన నిలబడిన కొడుకుకు అది చెవికెక్కేది కాదు. అతణ్ణి తప్పుపట్టలేను. చీటీ వ్రాసి బయట కొనుక్కు రమ్మన్నవారి మాట వేరు.

తరవాత 2021 చివరలో మరొక సంగతి బయటపడింది. అదే రెమ్‌డెసివిర్‌ను జబ్బు ముదరకముందు, మొదటి వారంలోనే, ప్రమాదం యెక్కువ వున్నవారికి మూడు రోజులు యిచ్చి చూస్తే, ఆసుపత్రి పాలయ్యేవారు నూటికి 5.3 నుంచి 0.7కి తగ్గారు. వైరసును కొట్టే మందు వైరసు వున్ననాడు పనిచేస్తుంది. పన్నెండవ రోజున, వైరసు పోయి మంట మిగిలినప్పుడు, అది దొంగ పారిపోయిన యింటికి కాపలా. ‘త్వరగా మందు’ అన్న మాటలో నిజం వున్నది. యే మందు, యే రోజున అన్నది తెలియనంత కాలం ఆ నిజం అక్కరకు రాదు.

ప్లాస్మా సంగతి కూడా యిటువంటిదే. జబ్బు నుంచి కోలుకున్నవారి రక్తంలోని పలుచని ద్రవాన్ని తీసి రోగికి యెక్కించడం 1918లోనే చేశారు. పాత పద్ధతి, వినడానికి న్యాయంగా వుంటుంది. 2020 జూలైలో కటకంలోని పెద్దాసుపత్రిలో ప్లాస్మా బ్యాంకు తెరిచారు. కోలుకున్నవారు ముందుకు వచ్చి దానం చేశారు. వారి మంచితనానికి యే పరిశోధనా వంక పెట్టలేదు. కాని మన దేశపు వైద్య పరిశోధన మండలి ఏప్రిల్ నుంచి జూలై దాకా 39 ఆసుపత్రులలో 464 మందితో చేసిన పరీక్షలో, ప్లాస్మా యెక్కించినవారిలో నూటికి 15 మంది, యెక్కించనివారిలో నూటికి 14 మంది చనిపోయారని తేలింది. కష్టకాలంలో, మూడు నెలలలో, మన ఆసుపత్రులే యింత చక్కని పరిశోధన చేసి ప్రపంచానికి చూపించాయి. దానికి మనం గర్వపడవలసి వున్నది. విచారించవలసినది మరొకటి. ఆ ఫలితం అక్టోబరులో అచ్చయినా, 2021 మే 17వ తేదీ దాకా ప్లాస్మా మన దేశపు చికిత్సా పత్రంలో కొనసాగింది. ఆ వసంతంలో యెందరు అన్నదమ్ములు ‘ఫలానా గ్రూపు ప్లాస్మా కావాలి’ అని అర్ధరాత్రి ఫోన్లు చేశారో మీకు తెలుసు.

ఆంధ్రదేశంలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం సంగతి కూడా చెప్పకుండా వుండలేను. 2021 మే నెలలో ఆనందయ్య అనే ఆయన యిస్తున్న మూలికల మందు కోసం వేలకు వేలు జనం వచ్చి పడ్డారు. కళ్ళలో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నారన్న ఒక పెద్దాయన బొమ్మ దేశమంతా తిరిగింది. కొద్ది రోజులకు ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ప్రభుత్వం మొదట పంపిణీ ఆపి, పరీక్షలు చేయించి, మే నెలాఖరుకు కంటిచుక్కలు తప్ప మిగిలినవి యివ్వవచ్చునన్నది. హాని లేదని అనుమతించడం ఒకటి, పనిచేస్తుందని తేలడం మరొకటి. ఆనందయ్యగారు డబ్బు పుచ్చుకోకుండా యిచ్చారు. ఆయనను హేళన చేసేవారి పక్షం నేను కాను. కాని ఆయన మందుకూ మార్సే వారి బిళ్ళకూ తర్కంలో తేడా లేదు. రెండుచోట్లా కోలుకున్నవారు వచ్చి చెప్పారు, పోయినవారు రాలేదు. నూటికి తొంభై అయిదుగురు తమంతట తామే లేచే జబ్బులో మంచినీళ్ళు యిచ్చినా తొంభై అయిదుగురు సాక్షులు దొరుకుతారు.

కడపటిగా మరణాల లెక్క. యిది మన యిళ్ళలోకి నేరుగా వచ్చే విషయం.

2020లో ఒడిశా ఆరోగ్యశాఖ వారు ప్రకటించే పట్టికలో రెండు గడులు వుండేవి. ఒకటి కోవిడ్ వల్ల చనిపోయినవారిది. రెండవది, కోవిడ్ వున్నా ‘యితర కారణాల వల్ల’ చనిపోయినవారిది. యీ రెండవ గడిలో సంఖ్య 53 దగ్గర చాలాకాలం నిలిచింది. మధుమేహం వున్న మనిషి కోవిడ్ వచ్చి పోతే యేది కారణం? వైద్య పరిశోధన మండలి 2020లోనే దీనికి సూచనలు యిచ్చింది. మధుమేహం, రక్తపోటు వంటివి చావును దగ్గరకు తెచ్చినవి కావచ్చును గాని, ఆనాడు ఆ మనిషిని పడగొట్టినది కోవిడ్ అయితే కోవిడ్ అనే వ్రాయాలని దాని సారాంశం. మధుమేహంతో పదిహేనేళ్ళు బతికినవాడు పదిహేను రోజుల్లో పోయాడంటే వేరే వివరణ అక్కరలేదు గదా.

2021 జూన్ 30న సుప్రీంకోర్టు, చనిపోయినవారి కుటుంబాలకు సహాయం యివ్వవలసిందేనని తీర్పు చెప్పింది. తరవాత ఆ మొత్తం 50,000 రూపాయలుగా నిర్ణయమైంది. పరీక్షలో రోగం తేలిన 30 రోజుల లోపల చనిపోతే కోవిడ్ మరణంగానే చూడాలనీ, మరణ ధ్రువపత్రంలో ఆ మాట లేదన్న ఒక్క కారణంతో సహాయం నిరాకరించరాదనీ అన్నారు. అప్పుడు గడుల వెనుక వున్నవారు బయటికి వచ్చారు. మనవాళ్ళు బతుకుతెరువు కోసం పోయే గుజరాతునే తీసుకోండి. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కల ప్రకారం ఆ రాష్ట్రం ప్రకటించిన మరణాలు పదివేల పైచిలుకు. అదే రాష్ట్రం ఆమోదించిన సహాయ దరఖాస్తులు అరవై వేలకు పైగా. 30 రోజుల నియమం వల్ల కొంత పెరుగుతుంది, నిజమే. కాని ఆరింతలు పెరగడానికి అదొక్కటే చాలదు.

దేశం మొత్తం మీద 2021 చివరకు ప్రకటించిన మరణాలు నాలుగు లక్షల యెనభై వేల చిల్లర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో, మామూలు కంటే యెక్కువగా పోయినవారు ఆ రెండేళ్ళలో 47 లక్షలని అంచనా వేసింది. మన ప్రభుత్వం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. అది నమూనా లెక్క, అందులో వాదానికి చోటు వున్నది. కాని 2025 మేలో మన రిజిస్ట్రారు జనరలు కార్యాలయం వారే బయటపెట్టిన చావుల నమోదు యిలా వున్నది: 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. నమోదు చేయించే అలవాటు యేటేటా పెరుగుతున్నందువల్ల కొంత పెరుగుదల వస్తుంది. ఒక్క యేడాదిలో యిరవై లక్షల పెరుగుదల అలవాటు వల్ల మాత్రమే వచ్చిందని యెవరూ అనరు. 1921లో జనాభా పుస్తకం చేసిన పనే 2025లో యీ పుస్తకం చేసింది. కారణం అడగదు, పోయినవారిని మాత్రం లెక్కపెడుతుంది.

మనలో చాలామందికి వూరు ఒకచోట, పని మరొకచోట, ఓటు యింకొకచోట. చావు యెక్కడ జరిగితే అక్కడే నమోదు. సూరత్తులో పోయిన గంజాం మనిషి గంజాం లెక్కలోకి రాడు. అతని భార్య బరంపురం కచ్చేరీలో నిలబడితే ‘మా పుస్తకంలో లేడు’ అంటారు. సూరత్తు వెళ్ళి అడగడానికి ఆమెకు భాష లేదు, దారిఖర్చు లేదు. యిటువంటి వితంతువులకు కాగితాలు వ్రాసిపెట్టే పని మన వంటి సంఘాలు చేయదగినది. ఉగాది చందాల్లో కొంత దీనికి తీస్తే బాగుంటుందని కార్యవర్గం వారికి మనవి చేస్తున్నాను.

చట్టం 1969 నాటిది. చావు జరిగిన 21 రోజుల లోపల తెలియజేస్తే రుసుము లేదు. ఆ తరవాత ఆలస్యాన్ని బట్టి రుసుము, అధికారి అనుమతి కావలసి వస్తుంది. ఆసుపత్రిలో పోతే వైద్యుడు కారణం వ్రాసే కాగితం నాలుగవ నంబరు ఫారం. యింట్లో పోతే, చివర చూచిన వైద్యుడు వ్రాసేది నాలుగు-ఏ. అందులో తక్షణ కారణం ఒక వరుసలో, దానికి మూలం కింది వరుసలో, పాత జబ్బులు వేరే భాగంలో వ్రాయాలి. ‘గుండె ఆగిపోయింది’ అని ఒక్క వరుస వ్రాసి యిస్తే పుచ్చుకోకండి. గుండె ప్రతివారికీ ఆగుతుంది, యెందువల్ల ఆగిందో వ్రాయమని మర్యాదగా అడగండి. ఆ నాలుగు వరుసల ఫారం నకళ్ళు కొన్ని తెచ్చాను, ద్వారం దగ్గర బల్లమీద వున్నాయి. కావలసినవారు తీసుకువెళ్ళవచ్చు.